అద్దపు గుడ్డులో అవయవాల పుట్టుక

జీబ్రా చేప గుడ్డు గసగసాల గింజంత ఉంటుంది. దాని పైపొర, లోపలి పచ్చసొన, ఆ సొన మీద పెరిగే పిండం, మూడింటి గుండా వెలుతురు గాజులోంచి సాగినట్టు సాగిపోతుంది. తల్లి కడుపుతో దానికి పని లేదు. నీటిలోనే ఫలదీకరణం చెంది నీటిలోనే పెరుగుతుంది. పొద్దున పెట్టిన గుడ్డులో మర్నాడు అదే వేళకు గుండె కొట్టుకుంటూ ఉంటుంది. మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే చాలు, కోత కోయకుండా, రంగు అద్దకుండా ఆ కదలికను ఎవరైనా చూడవచ్చు. మనిషి పిండంలో అదే ఘట్టం నాలుగో వారంలో వస్తుంది. అప్పటికి కడుపులో బిడ్డ పడిన సంగతి తల్లికే తెలిసి ఉండకపోవచ్చు. అవయవాలు ఎలా మొదలవుతాయో తెలుసుకోవాలనుకున్నవాళ్లు చేప గుడ్డు దగ్గరికి రావడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

ఈ చేప మన ఉపఖండానిదే. పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు. తల వైపు నుంచి తోక దాకా సాగే నీలి చారలు దాని గుర్తు. గంగ, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల వాగుల్లో, వరిచేల కాలవల్లో, మడుగుల్లో తిరుగుతుంది. ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించి 1822లో వేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. శాస్త్రీయ నామంలోని ‘డానియో’కు మూలం ‘ధాని’ అనే బెంగాలీ మాట, వరిచేనుకు సంబంధించినది అని అర్థం. ఇక్కడి నుంచి అక్వేరియం వ్యాపారంలో పడి దేశాలు దాటింది. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ 1960ల చివర ప్రయోగాలకు ఎంచుకున్నది పెంపుడు చేపల దుకాణాల్లో దొరికే ఈ చవక చేపనే. అంతకుముందు ఆయన బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల జన్యుశాస్త్రంలో పేరున్నవాడు. అక్కడ చెల్లిన జన్యు తర్కం వెన్నెముక ఉన్న జీవిలో చెల్లుతుందా అన్నది ఆయన ప్రశ్న. పదేళ్లకు పైగా ఓపిక పట్టాక 1981లో, తండ్రి జన్యువులు లేకుండా ఒక్క తల్లి నుంచే అచ్చుగుద్దినట్టుండే చేపలను పుట్టించే పద్ధతిని ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. 1984లో ఆయన చనిపోయాడు. అదే విశ్వవిద్యాలయంలో చార్లెస్ కిమ్మెల్ ఆ పనిని కొనసాగించాడు. 1995లో కిమ్మెల్ బృందం పిండం ఎదుగుదలను గంటల లెక్కన దశలుగా విడగొట్టి అచ్చువేసిన వ్యాసం ఈనాటికీ ఈ ప్రయోగశాలలకు పంచాంగం.

ఆ పంచాంగం 28.5 డిగ్రీల సెల్సియస్ వేడికి రాసినది. నీరు చల్లబడితే గడియారం నెమ్మదిస్తుంది కాబట్టి పిండాలను ఉంచే పెట్టెలో వేడి కదలకుండా చూస్తారు. గుడ్లు పట్టడమూ గడియారంతో కూడిన పనే. ఈ చేపలు తెల్లవారుతూనే గుడ్లు పెడతాయి. ప్రయోగశాలలో రోజుకు 14 గంటలు దీపాలు వెలిగించి 10 గంటలు ఆర్పేస్తారు. ముందు రోజు సాయంత్రం ఆడ, మగ చేపలను ఒకే తొట్టిలో మధ్యన అడ్డు పెట్టి ఉంచుతారు. పొద్దున దీపం వెలిగాక అడ్డు తీస్తే కాసేపటికే గుడ్లు రాలతాయి. ఒక ఈతలో రెండు మూడు వందలు దొరకడం మామూలే. తల్లిదండ్రులే వాటిని తినేస్తాయి, అందుకని తొట్టి అడుగున జల్లెడ అమరుస్తారు. తొలి రోజుల్లో గోళీలు పరిచేవారు. గుడ్లు వాటి సందుల్లోకి జారి దక్కేవి.

ఫలదీకరణం జరిగిన ముప్పావు గంటకు మొదటి కణం రెండవుతుంది. ఆ తర్వాత ఇంచుమించు పావుగంటకొకసారి రెట్టింపు. పచ్చసొన చీలదు, దాని నెత్తిన కణాల గుట్ట ఒకటి లేస్తుంది. మూడు గంటలకు కణాలు వెయ్యికి చేరువవుతాయి. అప్పటిదాకా పిండం సొంత జన్యువులు దాదాపుగా నిద్రలోనే ఉంటాయి. పనంతా తల్లి గుడ్డులో ముందే పెట్టి పంపిన ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ల మీదే నడుస్తుంది, ప్రయాణంలో మొదటి పూటకు అమ్మ కట్టిచ్చిన సద్దిమూటలాగా. మూడో గంట దగ్గర ఆ మూట అడుగంటుతుండగా పిండం తన జన్యువులను మేల్కొలుపుతుంది.

తర్వాతది అసలైన కదలిక. బొబ్బట్టు చేసేటప్పుడు పూర్ణపు ఉండ మీదికి పిండిని నలువైపులా లాగి మూసినట్టు, పైనున్న కణాల గుట్ట పలచబడి పచ్చసొనను కప్పుకుంటూ కిందికి దిగుతుంది. అయిదు గంటల పైచిలుకుకు సగం కప్పుతుంది, పదో గంటకు పూర్తిగా మూస్తుంది. ఈ దిగే అంచు దగ్గర కొన్ని కణాలు లోపలికి మడిచి దూరతాయి. అలా మూడు పొరలు ఏర్పడతాయి. బయటి పొర చర్మానికి, మెదడుకు, నాడులకు. మధ్య పొర కండరాలకు, గుండెకు, రక్తానికి, మూత్రపిండాలకు. లోపలి పొర జీర్ణనాళానికి, కాలేయానికి, క్లోమానికి మూలం. ఆరో గంటకు అంచులో ఒకచోట కణాలు చిక్కబడి డాలులా కనిపిస్తాయి. వీపు ఎటు రావాలో తేల్చేది ఆ డాలే. జర్మనీలో హాన్స్ స్పెమాన్, హిల్డె మాంగోల్డ్ 1924లో ఉభయచర పిండంలో చూపించిన ‘నిర్వాహక’ భాగానికి చేపలో ఇది సమానం. దాన్ని కోసి మరో పిండంలో అతికిస్తే అక్కడ రెండో వెన్ను మొదలవుతుంది.

పదో గంట నుంచి వీపు వెంబడి కండర ఖండాలు ఏర్పడతాయి. తల వైపు నుంచి తోక వైపుకు, అరగంటకు ఒక జత చొప్పున, ముప్పై చిల్లర జతలు. ఈ లయ కణాల లోపలిదే: కొన్ని జన్యువులు వెలుగుతూ ఆరుతూ ఊగుతుంటాయి, ఒక్కో ఊపుకు ఒక్కో జత విడివడుతుంది. అదే సమయంలో కళ్లు మెదడు పక్కల నుంచి ఉబ్బుతాయి, చెవి బుడగల్లో సమతూకం చూసే రెండు రాళ్లు మెరుస్తాయి.

గుండె కథ మాత్రం తీరిగ్గా చెప్పుకోవలసినది. అది ఒకచోట పుట్టదు. గుండె కాబోయే కణాలు మొదట పిండానికి కుడి ఎడమల రెండు పట్టీలుగా ఉంటాయి. అవి మధ్యగీత వైపు నడుస్తాయి, సుమారు పద్దెనిమిదో గంటకు కలుస్తాయి, ముందు పళ్లెంలా, ఆపై గరాటులా, చివరికి గొట్టంలా మారతాయి. ఇరవై నాలుగో గంటకు ఆ గొట్టం కదలడం మొదలుపెడుతుంది. తొలి కదలికలు తడబాటుగా ఉంటాయి, గొట్టం పొడవునా అలలాగా పాకుతాయి. కొన్ని గంటల్లో లయ కుదురుతుంది. గొట్టం ఎడమకు జరిగి, మెలి తిరిగి, రెండో రోజు ముగిసేలోగా ఒక కర్ణిక, ఒక జఠరిక ఉన్న గుండె అవుతుంది. అప్పటికి నిమిషానికి నూట ఇరవైకి పైగా కొట్టుకుంటుంది.

ఆ రెండు పట్టీలు కలవకపోతే? అలాంటి పిండాలు ఉన్నాయి. ‘మైల్స్ అపార్ట్’ అని పేరు పెట్టిన ఒక ఉత్పరివర్తనంలో, అంటే జన్యువులో వచ్చిన మార్పులో, పట్టీలు మధ్యకు రావు. కుడివైపొక గుండె, ఎడమవైపొక గుండె, రెండూ దేనికది కొట్టుకుంటాయి. సహజంగా ముందు తోచేది, గుండె కణాల్లోనే నడవడానికి సంబంధించిన లోపం ఉందని. పరిశోధకులు కణాలను మార్చి చూశారు. లోపమున్న పిండం నుంచి గుండె కణాలు తీసి ఆరోగ్యకరమైన పిండంలో పెడితే అవి చక్కగా మధ్యకు నడిచాయి. ఆరోగ్యకరమైన కణాలను లోపమున్న పిండంలో పెడితే అవి కదల్లేదు. అంటే తప్పు నడిచేవాళ్లలో లేదు, దారిలో ఉంది. 2000లో ఆ జన్యువు దొరికింది. కణాలకు కొవ్వు జాతి అణువు ఒకటి తెచ్చే కబురును అందుకునే గ్రాహకానికి అది సూత్రం. ‘కాసనోవా’ అనే మరో ఉత్పరివర్తనంలో జీర్ణనాళం కావలసిన లోపలి పొరే ఉండదు. అక్కడా గుండెలు రెండే. కాళ్ల కింద నేల లేనిచోట నడక సాగదు కదా. ఒక అవయవం పుట్టాలంటే ఇరుగు పొరుగు కూడా సవ్యంగా ఉండాలన్న మాట పాఠ్యపుస్తకాల్లో ఎన్నాళ్లుగానో ఉంది. దాన్ని బతికున్న పిండంలో వేలు పెట్టి చూపించింది మాత్రం ఈ రెండు గుండెల చేపలు.

‘సైలెంట్ హార్ట్’ అనే మరో ఉత్పరివర్తనంలో గుండె ఆకారం వస్తుంది గాని కొట్టుకోదు. కండర సంకోచానికి కావలసిన ట్రోపోనిన్ ప్రొటీన్‌లో లోపం. ఎలుక పిండంలో ఇలా జరిగితే ఎంతోసేపు బతకదు, పరిశోధనకు మిగలదు. చేప పిండం చిన్నది; నీటిలోని ఆక్సిజన్ చర్మం గుండానే లోపలికి ఇంకుతుంది కాబట్టి రక్తప్రసరణ లేకుండా కొన్ని రోజులు నెట్టుకొస్తుంది. పనిచేయని గుండెను తీరిగ్గా పరిశీలించే వీలు ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకదు. అదే ట్రోపోనిన్ జన్యువులోని మార్పులు మనుషుల్లో గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బుకూ కారణమవుతాయి.

కొట్టుకోవడం గుండె చేసే పని మాత్రమే కాదు, గుండెను చేసే పని కూడా. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2003లో ఒక మొండి ప్రయోగం చేశారు. రెండో రోజు పిండం గుండె ముంగిట కంటికి ఆనని చిన్న పూసను ఇరికించి రక్తం లోపలికి రాకుండా ఆపారు. మరికొన్ని పిండాల్లో రక్తం బయటికి పోయే చోట అడ్డుపెట్టారు. జన్యువులు ఏమీ మారలేదు. అయినా గుండె సరిగా మెలి తిరగలేదు, కవాటాలు సరిగా ఏర్పడలేదు. లోపలి గోడను రాసుకుంటూ పారే రక్తపు ఒరిపిడే అక్కడి కణాలకు ‘ఇక్కడ కవాటం కట్టండి’ అని చెప్పే గుర్తు. ఏరు పారుతూ తన గట్టును తానే దిద్దుకున్నట్టు.

గుండె ఎడమకే ఎందుకు జరగాలన్నది మరో చిక్కుముడి. బయటికి కుడి ఎడమలు ఒకేలా ఉండే పిండానికి ఏది ఎడమో తెలిసేదెలా? జవాబు తోక అడుగున ఉంది. 1868లో కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చేప పిండం తోక దగ్గర నీటి బుడగ లాంటి చిన్న గదిని గుర్తించాడు. కొన్ని గంటలు ఉండి మాయమయ్యే ఆ బుడగ దేనికో నూట ముప్పై ఏళ్లకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. దాని వెడల్పు పచ్చసొన వెడల్పులో పదో వంతు ఉంటుందేమో. లోపలి గోడకు వెంట్రుకల్లాంటి సన్నని శైలికలు ఉంటాయి, అవన్నీ ఒకే దిశలో గిరగిరా తిరుగుతాయి. ఆ తిప్పుడుకు లోపలి ద్రవం ఒకవైపుకే సుడి తిరుగుతుంది. ఆ సుడి నుంచి పుట్టిన కబురుతో పిండానికి ఎడమ పక్కన మాత్రమే ఒక జన్యువు వెలుగుతుంది. దానికి పరిశోధకులు పెట్టిన పేరు ‘సౌత్‌పా’, అంటే ఎడమచేతి వాటం మనిషి. శైలికలు కదలని పిండాల్లో గుండె ఎటు తిరగాలన్నది బొమ్మా బొరుసు అవుతుంది: సగం ఎడమకు, సగం కుడికి. మనుషుల్లోనూ అంతే. శైలికలు పుట్టుకతోనే పనిచేయని వాళ్లలో సుమారు సగం మందికి గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు ఉంటాయి. ఊపిరితిత్తుల కఫాన్ని ఊడ్చేవీ శైలికలే కాబట్టి వాళ్లను దగ్గు, జలుబు వదలవు. గుండె కుడివైపు ఉండటానికీ, తగ్గని జలుబుకూ మూలం ఒకటే కావడం వైద్యుల్ని కూడా చాలాకాలం తికమక పెట్టింది.

జీర్ణనాళం రెండో రోజు మొదట్లో ఎడమకు వంగుతుంది. ఇక్కడా గమ్మత్తు ఉంది: నాళం తనంత తాను వంగదు. దానికి రెండు పక్కలా ఉన్న మధ్య పొర పట్టీలు అసమానంగా కదులుతాయి. ఒకటి నాళం పైగా, ఇంకొకటి కిందుగా జరిగి దాన్ని ఎడమకు నెడతాయి. అదే నాళం నుంచి కాలేయం ఎడమ పక్కన, క్లోమం కుడి పక్కన మొగ్గ వేస్తాయి. మూత్రపిండం విషయానికొస్తే, ఈ వయసు చేపకు ఉండేది రెండే రెండు వడపోత గొట్టాలు. రెండో రోజు ముగిసేసరికి అవి పనిలోకి దిగుతాయి. వాటి లోపల కూడా శైలికలే ద్రవాన్ని తోస్తాయి. శైలికలు చెడితే మూత్రపిండంలో నీటితిత్తులు లేస్తాయి, పిండం ఒళ్లు వంకర పోతుంది. మనుషుల్లో మూత్రపిండాల నిండా తిత్తులు వచ్చే జబ్బుకు శైలికలతో లంకె ఉందని నమ్మకం బలపడటంలో ఇలాంటి చేపల పాత్ర చిన్నది కాదు.

ఇన్ని ఉత్పరివర్తనాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఒకటొకటిగా ఎవరికో తారసపడినవి కావు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, అమెరికాలోని బోస్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్ బృందాలు 1990ల మొదట్లో ఒక భారీ వేట సాగించాయి. ఈగలో ఇలాంటి వేటకే న్యూస్లైన్-ఫోల్‌హార్డ్‌కు 1995లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మగ చేపలను డీఎన్‌ఏను చెడగొట్టే రసాయనం కలిపిన నీటిలో ఉంచి, వాటి మునిమనవళ్ల తరం పిండాలను సూక్ష్మదర్శిని కింద వేల సంఖ్యలో చూస్తూ పోయారు. గుండె వంకర, కళ్లు చిన్నవి, రక్తం పాలిపోయినది, ఏది తేడాగా కనిపించినా దాని కుటుంబాన్ని విడిగా పెంచారు. 1996 డిసెంబరులో ‘డెవలప్‌మెంట్’ పత్రిక సంచిక మొత్తం ఈ ఫలితాలకే కేటాయించారు, 37 వ్యాసాలు. యంత్రాలు చేసిన పని కాదు అది. కూర్చుని చూసిన కళ్లు చేసిన పని.

రక్తం పాలిపోయిన చేపలకు వైన్ల పేర్లు పెట్టారు. వాటిలో ‘వైస్‌హెర్బ్‌స్ట్’ అనేదాని పచ్చసొనలో ఇనుము ఉంటుంది, పిండం రక్తంలోకి మాత్రం చేరదు. కారణం వెతికితే ఇనుమును కణం లోంచి బయటికి పంపే ద్వారం లాంటి ప్రొటీన్ 2000లో దొరికింది. దానికి ఫెర్రోపోర్టిన్ అని పేరు. మనిషి పేగు నుంచి రక్తంలోకి ఇనుము వెళ్లేదీ ఆ ద్వారం గుండానే. మరుసటి ఏడాదే, ఒంట్లో ఇనుము పేరుకుపోయే వంశపారంపర్య జబ్బున్న కొన్ని కుటుంబాల్లో అదే జన్యువులో మార్పులు కనిపించాయి.

స్ట్రైసింగర్ వాడిన ‘గోల్డెన్’ అనే లేతరంగు చేప కథ కూడా ఇలాంటిదే, కాకపోతే అది అవయవాలది కాదు, ఒంటి చాయది. 2005లో ఆ చేపలోని లోపం ఏ జన్యువుదో తేలింది. యూరప్ వాసుల తెల్లచాయలో అదే జన్యువుకు పెద్ద పాత్ర ఉందని అర్థమైంది. దక్షిణాసియా జనాల్లో ఆ జన్యు రూపం ఎంతగా వ్యాపించిందో 2013లో అచ్చయిన అధ్యయనంలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు.

చూసే సాధనాలూ మారాయి. మిణుకుమనే జెల్లీఫిష్ నుంచి తీసిన ఆకుపచ్చ ప్రొటీన్‌ను 1997లో చేప రక్తకణాలకు అతికించాక, కోరిన అవయవం మాత్రమే వెలిగే చేపలు వందల రకాలు తయారయ్యాయి. 2008లో హైడెల్‌బర్గ్ పరిశోధకులు పలుచని వెలుగు పలకతో పిండాన్ని పొరలు పొరలుగా చిత్రిస్తూ, మొదటి రోజంతా కణకేంద్రకాల దారులను కంప్యూటర్‌లో గుర్తించారు. పద్దెనిమిదో గంటకు అవి దాదాపు 16,000.

చేపను చూసి మనిషికి లెక్క కట్టడంలో పొరపాట్లకూ చోటుంది. 2013లో పూర్తి జన్యుపటం వచ్చినప్పుడు మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి చేపలో సాటి కనిపించింది. కాని చేపకు ఊపిరితిత్తులు లేవు, గుండె గదులు రెండే, వాటి మధ్య అడ్డుగోడ కట్టే పనే లేదు. మన పిల్లల్లో తరచుగా కనిపించే గుండె గోడ రంధ్రాన్ని దీనిలో నేరుగా చూడలేం. పైగా చేపల పూర్వీకుల్లో జన్యుసముదాయం మొత్తం ఒకసారి రెట్టింపు కావడం వల్ల చాలా జన్యువులకు రెండేసి ప్రతులున్నాయి. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది. మార్ఫోలినో అనే కృత్రిమ అణువును గుడ్డులోకి సూదితో ఎక్కించి జన్యువు నోరు నొక్కే పద్ధతి 2000 నుంచి చవకగా, సులువుగా చలామణీ అయింది. క్రిస్పర్ వంటి పద్ధతులు వచ్చాక అవే జన్యువులను నిజంగా తెంచి చూస్తే, మార్ఫోలినోతో కనిపించిన లోపాలు చాలా వాటిలో కనిపించలేదు. కొన్నిచోట్ల చేప తన ఇతర జన్యువులతో లోటు పూడ్చుకుంది, మరికొన్నిచోట్ల మొదటి ఫలితమే మార్ఫోలినో దుష్ప్రభావం. ఆ పదిహేనేళ్లలో వచ్చిన వ్యాసాలను ఈ అనుమానంతోనే చదవాలి.

మందుల పరీక్షల్లో మాత్రం చేప పిండానికి పోటీ తక్కువ. 1950ల చివర గర్భిణుల వాంతులకు వాడిన థాలిడోమైడ్ వల్ల చేతులు కాళ్లు ఎదగని బిడ్డలు వేలల్లో పుట్టారు. ఆ మందు దేనికి అంటుకుని అవయవాలను ఆపేస్తుందో అర్ధశతాబ్దం పాటు తెలియలేదు. 2010లో జపాన్ పరిశోధకులు సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. మందు తగిలిన చేప పిండాల్లో రెక్కలు ఎదగకపోవడం వారి రుజువుల్లో ఒకటి. కొత్త రసాయనాల విషప్రభావాన్ని చేప పిండం మీద 96 గంటలు పరీక్షించే పద్ధతికి 2013 నుంచి అంతర్జాతీయ గుర్తింపు ఉంది.

మూడో రోజుకు పిండం పైపొర చీల్చుకుని బయటపడుతుంది. నాలుగైదు రోజులకు గాలితిత్తి ఉబ్బుతుంది, పచ్చసొన కరిగిపోతుంది, పిల్ల తలెత్తి నీటిలోని సూక్ష్మజీవులను వేటాడటం మొదలుపెడుతుంది. యూరప్ చట్టం దాన్ని ప్రయోగాల నుంచి రక్షణ పొందవలసిన జంతువుగా లెక్కించేది సొంతంగా తినగలిగిన ఆ ఘడియ నుంచే, అంటే ఇంచుమించు 120వ గంట నుంచి. పై అవయవాలన్నీ రూపు దిద్దుకునేది అంతకు ముందే.